లారీ ఎక్కని మూటలు

మొన్న బతుకమ్మకు వారం ముందు కమ్యూనిటీ హాలు కడుగుదామని నల్లగొండలో మా కాలనీ ఆడవాళ్లం నలుగురం పోయాం. స్టోర్ రూమ్ తాళం తీస్తే వినాయకుడి పందిరి కర్రల వెనకాల రెండు పెద్ద గోనె సంచులు కనిపించాయి. మూతులు కుట్టి ఉన్నాయి. ఒకదాని మీద మార్కర్‌తో 'ఖమ్మం' అని రాసి ఉంది. ఆ చేతిరాత ఎవరిదో చూడగానే తెలిసింది. నాదే.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం ఖమ్మంలో మున్నేరు వాగు పొంగి ఏం చేసిందో మళ్లీ చెప్పనక్కర్లేదు. సోమవారం పొద్దునకల్లా మా గ్రూపులో మెసేజ్ వచ్చింది. "వరద బాధితుల సహాయార్థం బట్టలు, బియ్యం, ఏవైనా ఇవ్వదలచినవారు హాలు దగ్గర ఇవ్వగలరు." ఆ 'ఏవైనా' అన్న మాటే మా కొంప ముంచింది. రెండు రోజుల్లో హాలు నిండిపోయింది. నల్లగొండ వాళ్లకు చెయ్యి పెద్దదని నేను ఎవరితోనైనా పందెం కాస్తాను. కిరాయి ఇళ్లవాళ్లు, రోజు కూలీకి పోయేవాళ్లు, క్లాక్ టవర్ దగ్గర బండి పెట్టుకునేవాళ్లు అందరూ వచ్చారు. బుధవారం పొద్దున లారీ కదిలింది. లారీ అని అందరం అంటున్నాం గానీ అది డీసీఎం వ్యాన్.

ఆ లారీ ఎక్కనివే ఈ రెండు సంచులు. కుట్టు విప్పి చూశాం. మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సులు, ఇస్త్రీపెట్టె కాలిన గుర్తు పడ్డ నైలాన్ చీర, ఏదో స్కూలు బ్యాడ్జితో సహా ఉన్న యూనిఫాం, జతలేని సాక్సులు, ఎవరి పెళ్లిదో చెమ్కీల షేర్వానీ. వాటి మధ్యలో గులాబీ రంగు కుర్తీ ఒకటి. వెనక జిప్పు ఊడిపోయింది. అదీ నాదే. ఇచ్చినప్పుడు జిప్పు సంగతి నాకు తెలుసు. "వాళ్లే కుట్టించుకుంటార్లే" అనుకున్నట్టు కూడా గుర్తుంది. ఇల్లంతా బురదలో ఉన్న మనిషి టైలర్ దగ్గరికి పోయి జిప్పు వేయించుకుంటుందని నేనెలా అనుకున్నానో ఆ దేవుడికే తెలియాలి.

ఏడాదిగా నా బుర్రలో నలుగుతున్న మాట ఒకటుంది. విరాళాలు పోగుచేసే ప్రతి చోటా 'వద్దు' అనే మనిషి ఒకరుండాలి. లోపల కూచుని ఏరి పక్కన పడేసే మనిషి కాదు, అలాంటి వాళ్లం మేం నలుగురం ఉన్నాం. గుమ్మం దగ్గర నిలబడి, మూట విప్పి చూసి, ఇచ్చేవాళ్ల ముఖం మీదే "ఇది తీసుకోం అన్నా, వెనక్కి తీసుకుపోండి" అనగల మనిషి కావాలి. మా దగ్గర ఆ మనిషి లేకపోబట్టే ఈ సంచులు మిగిలాయి. పంపడానికి మనసొప్పలేదు, తిరిగి ఇవ్వడానికి మొహం చెల్లలేదు, పారేస్తే ఎవరైనా చూస్తారని భయం. మూతి కుట్టి, తాళం వేసి, మరిచిపోయాం.

రాజోలికి వచ్చిన లారీలు

ఈ విషయంలో నాకు కొంచెం ఎక్కువ పట్టింపు ఉండటానికి కారణం ఉంది. మాది రాజోలి. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా అంటున్నారు, అప్పుడు మహబూబ్‌నగరే. పక్కనే తుంగభద్ర, దాని మీద సుంకేసుల బ్యారేజీ. 2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి. కర్నూలు మునిగిన రోజని అందరూ గుర్తుపెట్టుకున్నారు. ఈ ఒడ్డున రాజోలి, అలంపురం కూడా మునిగాయన్నది కొంతమందికే గుర్తు. నేను ఇంటర్ ఫస్టియర్. కట్టుబట్టలతో శాంతినగర్‌లో బంధువుల ఇంటికి చేరాం.

నీళ్లు తీశాక వెనక్కి వస్తే ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. మాది నేత ఇల్లు. నడింట్లో గుంత మగ్గం. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంత నిండా మట్టి గట్టిగా దిగిపోయి, అక్కడ గుంత ఉందన్న గుర్తే లేదు. మగ్గం మీది పడుగు దారాలు తెగిపోయాయి. ఆ దారాల్ని సర్ది పట్టే పన్నె వంకర పోయింది. పట్టు నానిపోయి ఎరుపు రంగు దిగి, తెల్ల నూలు మీద మరకలు కట్టింది. నాయిన చాలాసేపు మాట్లాడలేదు.

మూడో రోజు నుంచి లారీలు మొదలయ్యాయి. మొట్టమొదట వచ్చినవి బట్టలు. లారీ మీద నిలబడి విసిరేవాళ్లు. కిందున్నవాళ్లు చేతులు చాపి పట్టుకునేవాళ్లు. మా నాయిన ముందుకు పోలేదు, అయినా ఒక చీర వచ్చి ఆయన భుజం మీద పడింది. ఆయన దాన్ని తీసి, అలవాటు కొద్దీ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూశాడు. పాలిస్టర్. పవర్‌లూమ్ సరుకు. అంచు దగ్గర దారాలు లేచిపోయాయి. నూలు చీరకు పట్టు అంచు వేసి, రెండూ కలిసినచోట కంటికి ఆనకుండా నేసే మనిషి చేతిలో ఆ చీర. "మనకు చీరలు పంపిర్రే" అన్నాడు అమ్మతో. అంతకుమించి ఏమీ అనలేదు. మా అవ్వ ఆ చీరతోనే ఇల్లు తుడిచింది.

ఆ వారంలో మా ఇంటికి చేరినవి చెప్తాను. ఒక సూటు కోటు. నలుగురు పిల్లల గౌన్లు, మా ఇంట్లో చిన్నపిల్లలే లేరు. కొలత ఎవరిదో తెలియని జాకెట్లు ఆరు. బియ్యం రెండుచోట్ల నుంచి వచ్చాయి, మంచివే, పొయ్యి తడిసి ఉంది. రానివి కూడా చెప్తాను. లోదుస్తులు ఒక్కటి రాలేదు. నాకు పదహారేళ్లు, ఆ వారంలోనే బయట చేరాను. ఊరంతా గుడ్డల గుట్టలే, నాకు అవసరమైన గుడ్డ మాత్రం అవ్వ తన లంగా చింపి ఇచ్చింది. ఇది ఎక్కడా రాయలేదు ఇన్నాళ్లూ. రాయాలనిపించింది.

ఒక్క బండి మాత్రం వేరేగా వచ్చింది. అందులో పారలు, తట్టలు, ఒక పదిమంది కుర్రాళ్లు. దిగుతూనే ఏమీ దించలేదు. "ఏం జెయ్యమంటరు?" అని అడిగారు. నాయిన మగ్గం గుంత చూపించాడు. ఇద్దరు దిగి రెండు పూటలు మట్టి తోడారు. గుంత గోడలు పాడుకాకుండా ఎలా తోడాలో నాయిన అరుగు మీద కూచుని చెప్తుంటే, వారం తర్వాత ఆయన గొంతులో మళ్లీ ఆ పాత అధికారం వినిపించింది. వాళ్లు ఏ ఊరివాళ్లో ఇప్పటికీ మాకు తెలియదు. బండికి బ్యానర్ లేదు.

ఆవు పళ్లు

"దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెడతారా" అని సామెత. పుచ్చుకునేవాడి నోరు మూయించడానికి ఇంతకంటే మంచి సామెత లేదు. మన దగ్గర దానం గురించి ఎంత చర్చ ఉన్నా అంతా పాత్రత చుట్టూనే తిరుగుతుంది. పుచ్చుకునేవాడు అర్హుడా, తాగుబోతా, నిజంగానే మునిగాడా, రెండుసార్లు లైన్లో నిలబడ్డాడా? అపాత్రదానం అనే మాట ఉంది. ఇచ్చిన వస్తువు పనికిమాలినదైతే దానికి మన వాడుకలో ఒక్క మాట లేదు.

ఆవు పళ్లు లెక్కపెట్టినవాడు ఒకడున్నాడు. ఉపనిషత్తు కథలోని నచికేతుడు. వాళ్ల నాన్న యజ్ఞం చేసి ఆవుల్ని దానం ఇస్తుంటాడు. తాగాల్సిన నీళ్లు తాగేసి, మేయాల్సిన గడ్డి మేసేసి, ఇవ్వాల్సిన పాలు ఇచ్చేసిన ఆవులవి. పిల్లవాడికి అది నచ్చదు. మరి నన్నెవరికి ఇస్తావని మూడుసార్లు అడుగుతాడు. యముడికిస్తా పొమ్మంటాడు తండ్రి. ఆ తర్వాత యముడితో జరిగిన సంవాదాన్నే అందరూ గొప్పగా చెప్పుకుంటారు. అసలు గొడవ వట్టిపోయిన ఆవుల దగ్గర మొదలైందన్నది ఎవరికీ పట్టదు. 'వద్దు' అనే మనిషికి మన దగ్గర జరిగే మర్యాద ఏమిటో కూడా ఆ కథలోనే ఉంది.

ఇది రాజోలికో నల్లగొండకో పరిమితమైన విషయం కాదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. తీసుకునేవాళ్లు లేరు. వాటిని పోగేసి వేరుచేసి పనికొచ్చేలా మార్చడానికి గూంజ్ సంస్థ చాలాకాలం కష్టపడాల్సి వచ్చింది. ఆ సంస్థ నడిపే అంశు గుప్తాకు 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. పాత గుడ్డల నుంచి ఆడవాళ్లకు నెలసరి ప్యాడ్లు చేయించిన సంస్థ అది. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా అవ్వ లంగా గుర్తొచ్చింది.

డబ్బు పంపితే పోలా?

ఈ వాదన నాతో ఎక్కువగా చేసేది మా ఆయన. డబ్బు పంపు, వాళ్లకేం కావాలో వాళ్లు కొనుక్కుంటారు, నీ మూటల గోల ఉండదు అంటాడు. డీజిల్ ఖర్చు, సంచుల ఖర్చు, లారీకి కట్టిన ఫ్లెక్సీ ఖర్చు లెక్కేసి చూపిస్తాడు. లెక్కలో తప్పు లేదు. రాజోలిలో ఆ బట్టల లారీల డీజిల్ డబ్బులు మా నాయిన చేతిలో పెట్టినా రెండు పన్నెలు వచ్చేవి.

కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. మొదటి నాలుగు రోజులు డబ్బుతో కొనడానికి అక్కడ కొట్లు ఉండాలి కదా. మునిగిన వీధిలో కిరాణా కొట్టు కూడా మునుగుతుంది. ఇంకోటి, డబ్బే ఇవ్వాలంటే మా హాలుకు వచ్చినవాళ్లలో సగం మంది రాకపోయేవాళ్లు. చేతిలో రూపాయి ఉండదు, ఇంట్లో బియ్యం ఉంటాయి. పాలమూరోళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడిన జిల్లా మాది, సగం ఊరు బొంబాయికో పుణేకో పోయే జిల్లా. 2020 లాక్‌డౌన్‌లో జడ్చర్ల దగ్గర హైవే మీద నడిచిపోయే కూలీలకు అన్నం పెట్టినవాళ్లలో ఒకప్పుడు వలసపోయి వచ్చినవాళ్లున్నారు. మా తమ్ముడు ఆ రోజుల్లో అక్కడే ఉన్నాడు. అందరూ పులిహోరే తెచ్చారట. పొద్దున పులిహోర, మధ్యాహ్నం పులిహోర. మూడో రోజు ఒకాయన పొట్లం పక్కన పెట్టి, కాళ్లు చూపించి, చెప్పులు దొరుకుతాయా అని హిందీలో అడిగాడట. అడిగేదాకా ఎవరికీ తోచలేదు. తమ్ముడు వెంటనే తన చెప్పులు విప్పి ఇచ్చాడని ఇంట్లో చెప్పాడు. తమ్ముడి సంగతి తెలుసు కాబట్టి సగమే నమ్మాను.

చీపుర్ల గోల

ఖమ్మానికి బయలుదేరేముందు మేం చేసిన ఒకే ఒక్క తెలివైన పని ఫోన్ చేయడం. మా కాలనీలో ఒకావిడ పిన్ని వాళ్లు బొక్కలగడ్డలో ఉంటారు. మున్నేరు 36 అడుగులు దాటిందని టీవీలో చెప్తుంటే మాకు అంకెలా వినిపించింది. ఆ పిన్ని ఫోన్లో "ఫ్యాను రెక్కకు నాచు పట్టింది బిడ్డా" అంటే అర్థమైంది. ఏం తేవాలి పిన్నీ అంటే ఆమె టకటకా చెప్పింది. "అన్నం పొట్లాలు మస్తు వస్తున్నయి, తేకండి. చీపుర్లు తేండి. బకెట్లు, పారలు, ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు, చాపలు, దోమల కాయిల్స్. ఆడోళ్లకు నైటీలు, లోపలివి."

ఈ జాబితా గ్రూపులో పెట్టాం. తమాషా అక్కడే మొదలైంది. బియ్యం క్వింటాలు ఇచ్చినాయన చీపురు ఇవ్వడానికి వెనకాడాడు. చీపురు దానం ఇస్తే ఇంట్లో లక్ష్మి పోతుందట. ఆయన ఒక్కడే కాదు, ఒక్కరంటే ఒక్కరు చీపురు తేలేదు. చివరికి చందా డబ్బులతో ప్రకాశం బజారులో డెబ్బై చీపుర్లు కొన్నాం. చందా డబ్బుతో కొంటే ఎవరి లక్ష్మి పోతుందో ఎవరూ అడగలేదు. జాబితాలో 'శానిటరీ ప్యాడ్లు' అని నేను రాస్తే కమిటీ పెద్దాయన కొట్టేసి 'లేడీస్ ఐటమ్స్' అని రాయించాడు. దాంతో బొట్టుబిళ్లల అట్టలు, గాజులు వచ్చాయి. నిజంగా వచ్చాయి.

లారీ వెంట నేనూ పోయాను. సూర్యాపేట దాటి పాలేరు పక్కగా పోతుంటే నాయకన్‌గూడెం దగ్గర వరద చేసిన గాయాలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. బొక్కలగడ్డలో మా బండి ఆగగానే జనం వచ్చారు. బియ్యం మూటలు చూసి "ఆ పక్కన పెట్టండి" అన్నారు. చీపుర్లు చూసి ఒకామె పరుగెత్తుకొచ్చి నాలుగు లాక్కుంది. పక్కింటామెకు రెండు విసిరింది. డెబ్బై చీపుర్లు పది నిమిషాలు కూడా ఉండలేదు. మేం తెచ్చిన బట్టల్లో దుప్పట్లు, లుంగీలు, నైటీలు పోయాయి. మిగతా చీరలు మూట విప్పకుండా ఒక బడి వరండాలో పెట్టించారు. ఆ వరండాలో అప్పటికే వేరే ఊళ్ల మూటలున్నాయి, మా మూటల కంటే రంగు రంగుల ఫ్లెక్సీలతో.

నా రూలు తప్పిన చోట

ఇంతదాకా చదివినవాళ్లు సరే ఇక, పాతవి తీసుకోం అని బోర్డు పెట్టేస్తే అయిపోతుంది కదా అంటారు. నేనూ మొదట అదే అన్నాను. మంగళవారం మధ్యాహ్నం ఒక ముసలమ్మ వచ్చేదాకా.

క్లాక్ టవర్ దగ్గర ఆకుకూరలు అమ్మే ఆమె. చేతిలో స్టీలు గిన్నె నిండా బియ్యం, చంకలో ఒక చీర. ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టింది. మడత విప్పితే రెండుచోట్ల అతుకు, బట్ట పల్చబడి అవతలి వెలుగు కనిపిస్తోంది. నా లెక్కలో అది వెనక్కి పోవాల్సిన చీర. అప్పుడే ఒక షాపాయన అమ్ముడుపోని గౌన్లు నలభై తెచ్చి పెట్టాడు, ట్యాగులతో సహా, కొత్తవి. నా లెక్కలో అవి తీసుకోవాల్సినవి. నాకు నోరు పెగల్లేదు. ముసలమ్మే అంది. "కట్టుకోనీకి కాదు బిడ్డా. నూలుది, మెత్తగున్నది. పసిపిల్లలుంటే కింద పరుస్తరు, లేకుంటే బొంత కుట్టుకుంటరు."

ఆ చీర ఎవరి దగ్గరికి పోతుందో ఆమె ఇంటి దగ్గరే చూసుకుని వచ్చింది. పసిపిల్ల ఉన్న ఇల్లు, తడి నేల. షాపాయన గోడౌన్ ఖాళీ చూసుకుని వచ్చాడు. పాతా కొత్తా అన్న తేడా అక్కడ పనికిరాలేదు. చీర తీసుకున్నాం. గౌన్లు ఇరవై తీసుకుని, ఇరవై వద్దన్నాం. అంటే, నేను వద్దన్నాను. ఏడాదిలో నేను ముఖం మీద వద్దన్నది ఆ ఒక్కసారే. "ఇస్తే తీసుకోరు, ఇయ్యకపోతే ఇయ్యలేదంటరు, మీతోటి ఎట్ల మేడం?" అని ఆయన వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఆ షాపుకు పోతే డిస్కౌంట్ ఇవ్వడు. తర్వాత ఆలోచిస్తే, ఆ ఇరవై గౌన్లు కూడా ఎక్కడో ఒకచోట పనికొచ్చేవేమో. పాపం ఆయన మంచి మనసుతోనే తెచ్చాడేమో. నాకు తెలియదు. వద్దనే మనిషి పొరపాటు పడదని నేను అనడం లేదు. ఆ మనిషికి శత్రువులు తయారవుతారు, వచ్చేసారి ఇచ్చేవాళ్లు తగ్గుతారు. మా కమిటీ పెద్దాయన భయం కూడా అదే, అది ఉత్త భయం కాదు.

అయినా తగ్గితే తగ్గనివ్వమనే నా మాట. లారీ సగమే నిండితే సగమే పోనీ. లారీ నిండటం ఇచ్చే ఊరికి పండగ. దించుకునే ఊరికి అది ఇంకో పని. మునిగిన ఊళ్లో పనికి కొదవ లేదు. బడి వరండాలో ఆ మూటల్ని ఆ తర్వాత ఎవరో ఒకరు మోసుకుపోయి ఎక్కడో పడేసి ఉంటారు. ఆ ఎవరో ఒకరి ఇల్లు కూడా మునిగే ఉంటుంది.

నాయినకు ఈ మధ్య ఫోన్లో ఇదంతా చెప్పాను. ఆయన ఇప్పుడు నేయడం లేదు, కళ్లు ఆనవు. అంతా విని, "ఆ చీర ఎవరిదోగానీ, పాపం, మంచిగ మడత పెట్టి పంపింది" అన్నాడు. ముసలమ్మ చీర అనుకున్నాను. కాదు. 2009లో ఆయన భుజం మీద పడిన ఆ పాలిస్టర్ చీర. అది మడత పెట్టి ఉందట. విసిరినప్పుడు విచ్చుకుందట. పదహారేళ్లుగా నేను ఆ చీరను ఇంకోలా గుర్తుపెట్టుకున్నాను.

సంచుల సంగతి. నలుగురం కూచుని ఏం చేద్దామని గంటసేపు మాట్లాడుకున్నాం. లారీ మెకానిక్ షెడ్డుకు ఇస్తే చేతులు తుడుచుకోవడానికి వాడతారని ఒకామె అంది. కాల్చేద్దామని ఇంకొకామె. ఇంతలో కమిటీ పెద్దాయన వచ్చి చూసి, "ఎందుకు పారేసుడు? మళ్లెప్పుడన్న వరదొస్తే పనికొస్తయి, ఉండనియ్యండి" అన్నాడు. హాలు ఆయన చేతిలో ఉంది, తాళం కూడా. నేను వద్దు అనబోయి ఊరుకున్నాను. సంచులు మళ్లీ పందిరి కర్రల వెనక్కి పోయాయి.

నా కుర్తీ మాత్రం తెచ్చుకున్నాను. కొత్త జిప్పు వేయడానికి టైలర్ నలభై రూపాయలు అడిగాడు.